పెద్దవేటలో తుపాకిగుండు

కృష్ణపట్నము వెళ్ళినవారు సాధారణముగా తూర్పు వైపే చూస్తారు. కండలేరు సముద్రములో కలిసే చోటు, ఉప్పునీటి కయ్యలు, బకింగ్‌హామ్ కాలువ, 2008లో ప్రారంభమైన కొత్త రేవు, అందులో నిలిచే పెద్ద ఓడలు – చూడదగినవన్నీ అటువైపే ఉన్నవి. మేము వెళ్ళిన రోజున మాత్రము మా ఆలోచన పడమటికి, వెలిగొండల వైపునకు మళ్ళినది. అందుకు కారణము ఒక చిన్న రేకుడబ్బా.

ఆ ఊరి పెద్దమనిషి ఒకరు తమ తాతగారి నాటి వస్తువులు చూపుతూ, ఆ డబ్బాలో నుండి రెండు గుండ్లు తీసి మా అరచేతిలో పెట్టినారు. తూటా గొట్టము లేదు, మందు లేదు, ఉత్త గుండ్లు. ఒకదాని ముక్కు గుండ్రముగా, పూర్తిగా లోహపు తొడుగుతో కప్పబడి ఉన్నది. రెండవదాని ముక్కున తొడుగు తెరచుకొని, లోపలి సీసము బయటికి కనబడుచున్నది.

"రెండూ ఒకే తుపాకివి. ఏ జంతువుకు ఏ గుండు వాడవలెనో తెలియనివాడు అడవిలో అడుగు పెట్టరాదని మా తాతగారు అనేవారట. అంత తేడా ఏమున్నదండీ వీటిలో?" అని ఆయన అడిగినారు.

ఆ ప్రశ్నకు అక్కడ నిలబడి చెప్పగల సమాధానము చిన్నది. పూర్తి సమాధానము కావలెనంటే మూడు వందల ఏండ్ల కథ చెప్పవలెను. వేట నేడు మన దేశములో చట్టవిరుద్ధము. అది పోయినందుకు మేము చింతించుట లేదు. కాని ఆ రెండు గుండ్ల మధ్య తేడా తెలియకపోవుట వలన ఎన్ని ప్రాణాలు, జంతువులవీ మనుష్యులవీ కూడ, వృథాగా పోయినవో తెలుసుకొనుట చరిత్రలో భాగమే.

ఈ కథకు మన తీరముతో కొంత సంబంధము ఉన్నది. కృష్ణపట్నము పాత రేవు. మధ్యయుగపు శాసనాలు దానిని రేవుగానే ఎరుగును. దానికి దక్షిణముగా, దుర్గరాజపట్నము వద్ద ఆంగ్లేయులు 1626లో వర్తకశాల కట్టి ఫిరంగులు నిలిపినారు. వారు దానిని ఆర్మగాన్ అని పిలిచినారు. 1639లో చెన్నపట్నము దొరికిన తరువాత దానిని విడిచిపెట్టినారు. ఇంకా దక్షిణాన పులికాటులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టినారు. ఆ కోటలో తుపాకిమందు తయారుచేసి తమ తూర్పుదేశపు స్థావరాలకు ఓడలలో పంపేవారు. సూరేకారము, గంధకము, బొగ్గు – ఈ మూడింటి పొడి ఆ కాలములో ఏ వేటకైనా, ఏ యుద్ధానికైనా ఆధారము.

ఆనాటి గుండు ఉత్త సీసపు బంతి. తుపాకి పరిమాణమును కూడ ఆ బంతితోనే కొలిచేవారు. ఒక పౌను సీసముతో పన్నెండు సమానమైన బంతులు పోస్తే, అందులో ఒకటి పట్టే గొట్టము పన్నెండు బోరు. ఎనిమిది బంతులు పోస్తే ఎనిమిది బోరు. నాలుగు పోస్తే నాలుగు బోరు. అంకె తగ్గిన కొద్దీ గుండు పెరుగుతుంది. నాలుగు బోరు బంతి సుమారు 113 గ్రాములు తూగుతుంది. దానిని పేల్చినవాని భుజము ఏమవునో శ్రోతలు ఊహించుకొనవచ్చును.

అంత పెద్ద గుండు ఎందుకు? నల్లమందు బలము పరిమితమైనది. గుండును ఒక వేగమునకు మించి తోయలేదు. వేగము పెంచలేనివాడు బరువు పెంచుకొన్నాడు. పైగా సీసము మెత్తని లోహము. ఏనుగు తల ఎముకకో, అడవిదున్న భుజానికో తగిలితే, లోపలికి పోవలసినది అక్కడే నలిగి అప్పచ్చి అవుతుంది. అందువలన సింహళములో ఏనుగుల వేటకు ప్రసిద్ధుడైన శామ్యూల్ బేకర్ వంటివారు సీసములో పాదరసమో తగరమో కలిపి గట్టిపరచుకొన్నారు. గుండు లోపలికి పోవలెను. పోయే దారిలో చెదరిపోరాదు. ఈ రెండు కోరికలూ నాటి నుండి నేటి వరకు మారలేదు. మారినది వాటిని తీర్చుకొనే ఉపాయము మాత్రమే.

పందొమ్మిదవ శతాబ్దములో మెలిచుట్ల గాళ్ళు తీసిన గొట్టము, అంటే రైఫిలు, వేటగాండ్రలో వ్యాపించినది. ఆ గాళ్ళు గుండును గిర్రున తిప్పి పంపుతవి; బొంగరము నిలిచినట్లు గుండు తన దారిలో నిలుస్తుంది. దానితో బంతికి బదులు పొడుగాటి గుండు వాడుట సాధ్యమైనది. మధ్యపరగణాల అడవులలో పనిచేసిన జేమ్స్ ఫోర్సిత్ 1860లలో రైఫిళ్ళను గూర్చి, వాటి గుండ్లను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసినాడు. విషయము అంత పెద్దదైనదన్న మాట.

అదే కాలములో ఒక కొత్త పోకడ వచ్చినది. గుండు బరువు తగ్గించి, ముక్కున బోలు చేసి, మందు ఎక్కువ వేసి వేగముగా పంపేవారు. లండనులోని జేమ్స్ పర్డీ దానికి రైలుబండి పేరు పెట్టినాడు. వాడుకలో అది 'ఎక్స్‌ప్రెస్' రైఫిలు అయినది. జింకకు, దుప్పికి అది అద్భుతముగా పనిచేసినది. దానిని పులి మీద, అడవిదున్న మీద ప్రయోగించినవారికి కొన్నిసార్లు చేదు అనుభవము కలిగినది. బోలు గుండు భుజపుటెముక మీదనే ముక్కలై, పైకండను చీల్చి, గుండెను చేరకుండానే ఆగిపోయేది. దెబ్బ తిన్న మృగము పొదలో దూరేది. తరువాతి పని కాలినడకన దానిని వెదకుట. ఆ పనిలో ముందు నడిచేవాడు తుపాకి పట్టిన దొర కాదు. జాడ తీసే అడవి మనిషి.

1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగలేని మందును రూపొందించినాడు. ఐదేండ్లకు బ్రిటనులో కార్డైటు వచ్చినది. గుండు వేగము సెకనుకు 600 మీటర్లు దాటినది. ఆ వేగములో ఉత్త సీసము గొట్టపు గాళ్ళను పట్టుకొనలేక జారిపోతుంది. అందువలన సీసమునకు రాగి, నికెలు మిశ్రమముతోనో ఉక్కుతోనో తొడుగు వేయవలసి వచ్చినది. కృష్ణపట్నము డబ్బాలోని గుండ్లు ఈ యుగానికి చెందినవి.

ఈ తొడుగు ఒక కొత్త చిక్కు తెచ్చినది. పూర్తిగా కప్పిన గుండు శరీరములో సూదివలె దూసుకొనిపోయి అవతలి వైపు వెడలిపోతుంది. 1895 నాటి చిత్రాల్ దండయాత్రలో తమ కొత్త రైఫిలు గుండ్లు శత్రువును ఆపుట లేదని ఆంగ్ల సైనికులు మొరపెట్టుకొన్నారు. అప్పుడు కలకత్తా సమీపమున డమ్‌డమ్‌లోని తూటాల కర్మాగారములో కెప్టెన్ బెర్టీ‌క్లే ముక్కున తొడుగు తీసివేసి సీసమును బయటపెట్టినాడు. తగిలినంతనే ముక్కు పుట్టగొడుగువలె విచ్చుకొనేది. దాని గాయము ఎంత ఘోరమో చూచిన దేశాలు 1899లో హేగు నగరములో సమావేశమై, ఇటువంటి గుండును యుద్ధములో వాడరాదని ప్రకటించినవి.

ఇక్కడ ఒక చిత్రమును శ్రోతలు గమనించవలెను. యుద్ధములో క్రూరమని నిషేధించిన గుండే వేటలో దయగలదని పేరు పొందినది. యుద్ధములో శత్రువును పోరాడలేకుండ చేసిన చాలును; గాయము మానిన తరువాత అతడు ఇంటికి పోవచ్చును. వేటలో గాయపడిన జంతువుకు వైద్యుడు లేడు. అది వెంటనే చనిపోవలెను, లేదా రోజుల తరబడి బాధపడి చావవలెను. అందుచేత ఒకే గుండు ఒకచోట దోషము, మరొకచోట ధర్మము అయినది.

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ముక్కున సీసము కనబడే మెత్తగుండు పులికి, చిరుతకు, కణుజుకు, మనుబోతుకు. వీటి చర్మము, ఎముక మరీ దళసరి కాదు. గుండు లోపలికి పోయి, విచ్చుకొని, గుండె ఊపిరితిత్తుల చోట తన బలమంతా ఖర్చుచేయవలెను. పూర్తి తొడుగు గల గట్టిగుండు ఏనుగుకు, ఖడ్గమృగమునకు. భుజపు దెబ్బ వేయవలసి వచ్చినప్పుడు అడవిదున్నకు. అక్కడ విచ్చుకొనుట కంటె చేరుట ముఖ్యము. పులికి గట్టిగుండు వాడితే అది దూసుకొని అవతలకు పోయి, పులి గాయముతో పొదలో చేరును. అడవిదున్నకు మరీ మెత్తనిది వాడితే భుజము మీదనే పగిలిపోవును. తప్పు ఎటు చేసినను ఫలితము ఒకటే: గాయపడిన మృగము బ్రతికి ఉండుట.

ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను కూల్చిన డబ్ల్యు.డి.ఎం. బెల్ అందులో ఎక్కువ భాగము 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిలుతో చేసినాడు. అతడు వాడినది 173 గ్రెయిన్లు, అంటే సుమారు 11 గ్రాములు తూగే పొడుగాటి గట్టిగుండు. నాలుగు బోరు బంతితో పోలిస్తే అది పదవవంతు. అయినను అతడు ఏనుగు పుర్రెను కోసి చూచి, మెదడు ఎక్కడ ఉండునో ఏ వైపు నుండి చూచినను గుర్తించుట నేర్చుకొన్నాడు. గుండు సన్నముగా, పొడుగుగా, వంగకుండ ఉన్నందున గురిచూచిన చోటికి తిన్నగా చేరినది. అంటే బరువు ఒక్కటే చాలదు. వెడల్పుకు తగిన పొడుగు, పొడుగుకు తగిన గట్టిదనము కావలెను. అతనిని అనుకరించి, అతని చదువు లేకుండ చిన్న రైఫిలు పట్టుకొని పోయినవారు ఆపద కొనితెచ్చుకొన్నారు.

భారతదేశములో మరికొన్ని ఇబ్బందులు ఉండేవి. కార్డైటు ఎండకు ఉడుకుతుంది; వేడెక్కిన తూటాలో ఒత్తిడి పెరుగుతుంది. అందువలన ఆంగ్ల కంపెనీలు ఉష్ణదేశాల కోసము మందు తగ్గించి వేరుగా తూటాలు తయారుచేసేవి. సముద్రతీరములో ఉప్పుగాలి ఇత్తడి గొట్టానికి చిలుము పట్టిస్తుంది; వానకాలములో కాగితపు తూటాలు ఉబ్బి గదిలో ఇరుక్కొనేవి. కృష్ణపట్నము వంటి ఊరిలో ఒక ఏడు నిలువ ఉన్న తూటా వెలిగొండలలో పేలవలసిన క్షణములో పేలకపోవచ్చును. జాగ్రత్తగల వేటగాడు పాత తూటాలను గురి నేర్చుటకు ఖర్చుచేసి, కొత్తవి అడవికి ఉంచుకొనేవాడు.

ప్రభుత్వపు ఆజ్ఞలు కూడ గుండును నిర్ణయించినవి. సరిహద్దు తెగలకు తూటాలు చేరునను భయముతో 1907లో .450 బోరు తుపాకులు భారతదేశమునకు రాకుండ నిషేధించినారు. వెంటనే ఇంగ్లండులోని తయారీదారులు .465, .470, .475 బోరులు పుట్టించినారు. పులికి ఈ అంకెల తేడా తెలియదు. కాని దుకాణములో వేటగానికి దొరికే తుపాకి మారిపోయినది. .303 సైనికపు బోరుగా సామాన్యులకు నిషిద్ధమైనందున, ఇచ్ఛాపూరు ప్రభుత్వ కర్మాగారపు .315 రైఫిలు లైసెన్సుదారులకు దొరికినది. దాని గుండు 244 గ్రెయిన్ల మెత్తముక్కుది.

మన ప్రాంతపు వేటను ప్రపంచానికి తెలిపిన రచయిత కెన్నెత్ ఆండర్సన్. ఆయన 1910లో సికింద్రాబాదు బొల్లారములో జన్మించినాడు. బెంగుళూరులో జీవించి 1974లో మరణించినాడు. 1954లో వెలువడిన ఆయన మొదటి గ్రంథములో చామల లోయ పులిని గూర్చిన కథ ఉన్నది. చామల లోయ తిరుపతికి పడమట, భాకరాపేట, నాగపట్ల, పులిబోను ప్రాంతపు అడవులలోనిది; కృష్ణపట్నమునకు నైరుతి దిక్కున ఉన్నది. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టరు రైఫిలు. దాని గుండు 300 గ్రెయిన్లు, సుమారు 19 గ్రాములు. అమెరికా అధ్యక్షుడుగా పనిచేసిన రూజ్‌వెల్టు 1909లో ఆఫ్రికా వెళ్ళినప్పుడు తీసికొనిపోయినదీ అదే. ఆ గుండు లావు ఎక్కువ, పొడుగు తక్కువ. దూరము పోయేది కాదు, ఏనుగుకు తగినదీ కాదు. దగ్గర నుండి పులి మీద మాత్రము నమ్మదగినది. ఆండర్సన్ వేట ఎక్కువగా మంచె మీద, రాత్రివేళ, కొద్ది గజాల దూరములో జరిగేది. పనికి తగిన పనిముట్టు అంటే అదే.

ఈ లెక్కలన్నీ ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. జవాబు హిమాలయ పాదములలో దొరుకుతుంది. 1907లో జిమ్ కార్బెట్ చంపావత్ ఆడపులిని చంపినాడు. అది నేపాలములోను కుమావూలోను కలిసి 436 మందిని చంపినదని ఆయన లెక్క. చచ్చిన పులి నోరు తెరచి చూస్తే కుడివైపు పై కోర సగము విరిగి ఉన్నది. క్రింది కోర ఎముక దాకా పోయినది. అది పాత తుపాకిదెబ్బ వలన కలిగిన గాయమనియు, సహజమైన వేట చేయలేకనే అది మనుష్యులకు మరిగినదనియు కార్బెట్ వ్రాసినాడు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకనాడు, చేరవలసిన చోటికి చేరని ఒక గుండు పేల్చి ఇంటికి పోయినాడు. దాని వెల కట్టెలకు, గడ్డికి అడవికి పోయిన స్త్రీలు చెల్లించినారు.

1902లో లార్డ్ కర్జన్ దంపతులు నిజాం రాజ్యములో ఓరుగల్లు వైపున నెక్కొండ అడవులలో వేటకు వచ్చినప్పటి ఛాయాచిత్రము నేటికీ ప్రసిద్ధము. కాళ్ళ ముందు చచ్చిన పులి, వెనుక నిలబడిన వైస్రాయి దంపతులు. ఇటువంటి చిత్రాలు మన సంస్థానపు కోటలలోను, జమీందారుల ఇండ్లలోను ఎన్నో ఉండేవి. వాటిలో కనబడేది చచ్చిన జంతువు మాత్రమే. గాయపడి తప్పించుకొనిపోయినదానికి ఛాయాచిత్రము లేదు. వేట చరిత్రలో సగము ఆ తీయని చిత్రములలోనే ఉన్నదని మా అభిప్రాయము.

ప్రపంచములో ఇతర దేశాలలో వేట చట్టబద్ధముగా సాగుచున్నది. అక్కడ గుండును గూర్చిన పరిశోధన ఆగలేదు. 1946లో జాన్ నోస్లర్ అను అమెరికను బ్రిటిష్ కొలంబియాలో మూసు అను పెద్ద దుప్పిని కొట్టినాడు. దాని ఒంటినిండ బురద ఎండి ఉన్నది. వేగమైన అతని గుండ్లు ఆ బురద మీదను, భుజము మీదను పగిలి లోపలికి పోలేదు. ఇంటికి పోయి అతడు గుండు నడుమ రాగిమిశ్రమపు అడ్డుగోడ ఉంచినాడు. ముందు సగము విచ్చుకొంటుంది, వెనుక సగము విడివడక లోపలికి పోతుంది. మెత్తగుండు, గట్టిగుండు రెండింటినీ ఒక్కటిగా అతికించినట్లయినది. 1989లో బార్న్స్ కంపెనీ సీసమే లేని రాగిగుండును తెచ్చినది. సీసపు తునకలు మాంసములో మిగిలి, కళేబరములు తినే పక్షులను విషముతో చంపుచున్నవని తెలిసిన తరువాత దానికి మరింత విలువ వచ్చినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2019 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించినది.

మన దేశము వేరొక దారి పట్టినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పులివేటకు ముగింపు పలికినది. 2006లో 1,411గా అంచనా వేసిన పులుల సంఖ్య 2022 నాటికి 3,682కు పెరిగినది. ఆండర్సన్ తిరిగిన చామల అడవులు నేడు శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానములో భాగము. అయినను గుండు ప్రసక్తి పూర్తిగా పోలేదు. మనుష్యులకు ప్రాణాపాయమైన జంతువును విధిలేక చంపుటకు చట్టము అనుమతించుచున్నది. 2018లో తెలంగాణమునకు పొరుగున ఉన్న యవత్మాళ్ జిల్లాలో ఒక ఆడపులిని ఆ విధముగానే కాల్చినప్పుడు దేశమంతటా వివాదము చెలరేగినది. అటువంటి ఘడియలో ఎవరి చేతిలో ఏ తుపాకి, అందులో ఏ గుండు అన్న పాత ప్రశ్న మరల ముందుకు వస్తుంది.

ఇదంతా వినిన తరువాత కృష్ణపట్నపు పెద్దమనిషి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట తమ తాతగారిని గూర్చి ఒక మాట చెప్పినారు. ఆయన కొట్టిన జంతువులను గూర్చి ఇంటిలో ఎప్పుడును చెప్పుకొనలేదట. ముసలితనములో ఒకే ఒక కణుజును గూర్చి మరల మరల చెప్పేవారట. తెల్లవారుఝామున తగిలిన దెబ్బతో పొదలలోనికి పోయినది, రెండు రోజులు వెదకినను దొరకలేదు. "ఆనాడు తొందరలో తప్పు గుండు వేసినానురా" అనేవారట.

మేము ఆ రెండు గుండ్లను తిరిగి ఆయన చేతిలో పెట్టినాము. ఆయన వాటిని డబ్బాలో వేసి మూత పెట్టినారు. బయట రేవులో ఓడ కూత వినబడినది. పడమట కొండల వైపున ప్రొద్దు వాలుచున్నది.